లెన్స్ కొనేముందు దూరం చూసుకోండి

2020 ఏప్రిల్. కరోనా లాక్‌డౌన్ రోజులు. జనం దూరం పాటించడం లేదంటూ పత్రికల్లో ఫొటోలు, వాటిని చూసి ఆ జనాన్ని తిట్టేవాళ్లు. అప్పుడు డెన్మార్క్‌లో రిట్జావ్ స్కాన్‌పిక్స్ అనే వార్తాచిత్రాల సంస్థ ఫొటోగ్రాఫర్లు ఇద్దరు కోపెన్‌హాగెన్‌లో అవే చోట్లను, అవే క్యూలను రెండు రకాలుగా తీసి పక్కపక్కన పెట్టారు. దూరం నుంచి టెలీ లెన్స్‌తో తీసిన ఫొటోలో మనుషులు ఒకరినొకరు తోసుకుంటున్నట్టు ఉన్నారు. దగ్గర్నుంచి వైడ్ లెన్స్‌తో తీసిన దాంట్లో మనిషికీ మనిషికీ మధ్య కావలసినంత ఖాళీ ఉంది. కంప్యూటర్లో ఎవరూ ఏమీ మార్చలేదు. రెండు ఫొటోలూ నిజమైనవే.

మన ఎన్నికల సభల ఫొటోలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. సభ పలచగా ఉన్నా, ఎత్తయిన చోటు చూసుకుని దూరం నుంచి పెద్ద లెన్స్ బిగిస్తే తలల మీద తలలు కనిపిస్తాయి. అదే సభలో మధ్యకు వెళ్లి వైడ్‌తో తీస్తే ఖాళీ కుర్చీలు బయటపడతాయి. ఏ పార్టీ ఫొటోగ్రాఫర్ ఎక్కడ నిలబడతాడో వేరే చెప్పక్కర్లేదు.

ఈ మాయంతా లెన్స్‌దే అనుకుంటాం. నిజానికి అందులో ఎక్కువ పాలు దూరానిది. నూరు మీటర్ల అవతల ఒక మనిషి, అతని వెనక మరో పది మీటర్లలో ఇంకొకరు ఉంటే, ఇద్దరి సైజులో పదోవంతు తేడా కూడా కనిపించదు. అందుకే ఒకరికొకరు అతుక్కున్నట్టు ఉంటారు. అదే మొదటి మనిషికి ఐదు మీటర్ల దగ్గరకు వెళితే వెనకతను మూడోవంతు సైజుకు తగ్గిపోతాడు. మధ్యలో ఉన్న ఖాళీ ఇట్టే తెలుస్తుంది. దేని వెనక ఏది ఎంత పెద్దగా కనిపించాలన్నది మనం నిలబడిన చోటే తేల్చేస్తుంది. అక్కడి నుంచి కనిపించే దృశ్యంలో ఎంత ముక్క ఉంచాలో లెన్స్ కత్తిరిస్తుంది. దాని పని కత్తెర పని. కెమెరా షాపుకు వెళితే మొదట అడిగేది ‘ఏం తీస్తారు?’ అని. ‘ఎక్కడ నిలబడి తీస్తారు?’ అని అడిగితే సగం సందేహాలు అక్కడే తీరతాయి.

లెన్స్ మీద కనిపించే మొదటి అంకె ఫోకల్ లెంగ్త్. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు, అంటే 36 ఎంఎం వెడల్పు, 24 ఎంఎం ఎత్తు ఉన్న సెన్సర్‌కు, 24 ఎంఎం లెన్స్ పెడితే మూల నుంచి మూలకు 84 డిగ్రీల మేర కనిపిస్తుంది. 50 ఎంఎం అయితే 47 డిగ్రీలు. 200 ఎంఎంకు 12. 600 ఎంఎంకు వచ్చేసరికి మిగిలేది 4 డిగ్రీలే. అంకె పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది, ఆ ముక్కే ఫ్రేము నిండా పరుచుకుంటుంది కాబట్టి వస్తువు దగ్గరకొచ్చినట్టు ఉంటుంది. ఆ 36×24 కొలత లైకా కెమెరాతో జనంలోకి వచ్చింది. జర్మనీలో ఆస్కార్ బర్నాక్ రూపొందించిన ఆ చిన్న కెమెరా 1925లో మార్కెట్లోకి వచ్చింది, వందేళ్లయినా ఆ కొలత చెక్కుచెదరలేదు.

ముఖాల దగ్గర ఈ దూరం లెక్క బాగా తెలుస్తుంది. ముక్కు కొసకూ చెవికీ మధ్య ఓ 12 సెంటీమీటర్లు అనుకుందాం. చెయ్యి చాచి 40 సెంటీమీటర్ల నుంచి సెల్ఫీ తీసుకుంటే, చెవితో పోల్చినప్పుడు ముక్కు ఉండాల్సిన దానికంటే 30 శాతం పెద్దదిగా వస్తుంది. రెండు మీటర్ల దూరానికి జరిగితే ఆ తేడా 6 శాతానికి పడిపోతుంది. ఫోన్‌లో మన ముఖం మనకే నచ్చకపోవడానికి కారణం ఫోన్ కంపెనీ కాదు, మన చెయ్యి పొడవు. అయితే రెండు మీటర్ల నుంచి ఫోన్ మెయిన్ కెమెరాతో, అంటే సుమారు 24 ఎంఎంకు సమానమైన వైడ్ లెన్స్‌తో తీస్తే మనిషితో పాటు మూడు మీటర్ల గది కూడా ఫ్రేములోకి వచ్చేస్తుంది. అక్కడే 85 ఎంఎం పెడితే తల నుంచి ఛాతీ కింది వరకు, దాదాపు 85 సెంటీమీటర్ల మేర, ఫ్రేము సరిగ్గా నిండుతుంది. పోర్ట్రెయిట్‌కు 85, 105, 135 అని పెద్దవాళ్లు చెబుతూ వచ్చింది ఇందుకే.

1984లో పాకిస్తాన్‌లోని పెషావర్ దగ్గర నాసిర్‌బాగ్ శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకర్రీ తీసిన అఫ్గాన్ బాలిక ఫొటో మరుసటి ఏడాది జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా వచ్చింది. ఆ పచ్చని కళ్లను పట్టింది నికాన్ 105 ఎంఎం ఎఫ్ 2.5 లెన్స్. పెద్ద ఖరీదైన సరుకేమీ కాదు. అలాంటి పాత మాన్యువల్ లెన్స్‌లు సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి.

ముఖాలకు వేరే లెన్స్ ఉండాలన్న ఆలోచన ఫొటోగ్రఫీ పుట్టినప్పటి నుంచీ ఉంది. 1839లో డాగ్యురే తన పద్ధతిని లోకానికి చూపించినప్పుడు కెమెరాకున్న లెన్స్ చాలా తక్కువ వెలుతురును లోపలికి రానిచ్చేది. మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చుంటే గాని బొమ్మ వచ్చేది కాదు. మరుసటి ఏడాదే వియన్నాలో జోసెఫ్ పెట్స్‌వాల్ అనే గణిత ఆచార్యుడు ముఖాల కోసమే ఒక లెన్స్ లెక్కగట్టాడు. ఆ లెక్కలు చేయడానికి ఆస్ట్రియా ఫిరంగి దళంలోని లెక్కలు తెలిసిన సైనికులను సాయమిచ్చారు. ఎఫ్ 3.6 ప్రాంతంలో ఉన్న ఆ లెన్స్ అంతకు ముందరి వాటికంటే పదిహేను రెట్లకు పైగా వెలుతురు పట్టింది. స్టూడియోల వ్యాపారం నిలబడటంలో దానిది పెద్ద పాత్ర.

ఇక్కడ రెండో అంకె వచ్చేసింది. ఎఫ్ 1.8, ఎఫ్ 2.8, ఎఫ్ 5.6 అని ఉండేది ఎపర్చర్. ఫోకల్ లెంగ్త్‌ను రంధ్రం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె ఇది. 50 ఎంఎం, ఎఫ్ 1.8 అంటే రంధ్రం సుమారు 28 ఎంఎం. 400 ఎంఎం, ఎఫ్ 2.8 అంటే 143 ఎంఎం. స్టేడియంలో కనిపించే ఆ లెన్స్‌లు అంత లావుగా, అంత ఖరీదుగా ఉండేది ఇందుకే. ముందు వైపు చిన్న పళ్లెమంత గాజు పెట్టాలి మరి. అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ. 5.6 నుంచి 4కు, 4 నుంచి 2.8కు ఒక్కో మెట్టు దిగితే వెలుతురు రెట్టింపవుతుంది.

ఈ విషయంలో సినిమా దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ చివరిదాకా వెళ్లాడు. 1975లో వచ్చిన ‘బ్యారీ లిండన్’లో కొన్ని దృశ్యాలను కొవ్వొత్తుల వెలుగులోనే తీయాలని పట్టుబట్టి, జైస్ కంపెనీ అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కోసం చేసిన 50 ఎంఎం, ఎఫ్ 0.7 లెన్స్‌లు సంపాదించాడు. అవి మొత్తం పదే తయారయ్యాయి. మూడు కుబ్రిక్ చేతికొచ్చాయి. వాటికి సరిపడేలా కెమెరానే కోసి మార్పించాడు. ఎఫ్ 1.4తో పోలిస్తే నాలుగు రెట్ల వెలుతురు అది. కాకపోతే అంత పెద్ద రంధ్రంతో ఫోకస్‌లో ఉండే లోతు చాలా తక్కువ. నటులు కాస్త ముందుకు వంగినా ముఖం మసకబారిపోయేది.

మన పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫర్ పడే అవస్థ కూడా ఇదే, చిన్న మోతాదులో. అర్ధరాత్రి ముహూర్తం, జీలకర్ర-బెల్లం ఘట్టం, అడ్డుతెర, పైన పసుపు బల్బులు, పక్కన వీడియోవాళ్ల ఎల్ఈడీ తెల్లలైటు. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను పూర్తిగా జూమ్ చేస్తే ఎపర్చర్ ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 2.8 జూమ్ ఉంటే దానికి నాలుగు రెట్ల వెలుతురు. సెకనులో 30వ వంతుతో తీయాల్సింది 125వ వంతుతో తీయొచ్చు. తలంబ్రాలు పోసే చెయ్యి అలికినట్టు రాకుండా నిలిచేది ఈ తేడాతోనే. చాలామంది ప్రొఫెషనల్స్ రెండు బాడీలు మెడలో వేసుకుని, ఒకదానికి 24-70, రెండోదానికి 70-200 తగిలిస్తారు. రెండూ ఎఫ్ 2.8. జూమ్‌ల బరువు వద్దనుకునేవాళ్లు 35, 85 ప్రైమ్‌లతో, అంటే జూమ్ లేని లెన్స్‌లతో, లాగిస్తారు.

పెళ్లిలో దూరం గురించి ఒక పిడకల వేట. వేదిక మీద ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఇద్దరు వీడియోగ్రాఫర్లు, వాళ్ల లైట్లు పట్టుకునే కుర్రాళ్లు దడి కట్టి నిలబడితే, ఎదురుగా కూర్చున్న బంధువులు పెళ్లిని పక్కనున్న ఎల్ఈడీ తెర మీద చూసుకోవాల్సి వస్తోంది. పెళ్లికి వచ్చి టీవీ చూడటం ఏమిటో! 70-200 ఉన్న మనిషి కిందికి దిగి ఎనిమిది, పది మీటర్ల నుంచి అవే ముఖాలను చక్కగా తీయొచ్చు. పెళ్లికూతురు కూడా కెమెరాను మరచిపోతుంది. క్యాండిడ్ పేరుతో వసూలు చేసే డబ్బుకు అదే న్యాయం.

గ్రూప్ ఫొటో వచ్చేసరికి ఎపర్చర్ లెక్క తిరగబడుతుంది. ఎఫ్ 1.8తో మూడు వరసల చుట్టాలను తీస్తే ఒక వరసే స్పష్టంగా వస్తుంది. అప్పుడు ఎఫ్ 5.6 లేదా 8కి వెళ్లాలి. పైగా వైడ్ లెన్స్ అంచుల్లో మనుషులను పక్కకు సాగదీస్తుంది. చివర నిలబడిన బాబాయి ఉన్నదానికంటే లావుగా రావడం, ఆ ఆల్బమ్ ఎవరికీ చూపించకపోవడం మామూలే. 24 ఎంఎంతో దగ్గర నిలబడే బదులు 50తో నాలుగడుగులు వెనక్కి వేస్తే ఇంటిల్లిపాదీ కుదురుగా ఉంటారు.

వెనక్కి వేయడానికి అడుగే లేని చోట్లున్నాయి. లేపాక్షి వీరభద్రస్వామి గుడి మండపంలో తలెత్తితే విజయనగర కాలపు వర్ణచిత్రాలు. పైకప్పు నుంచి దూరం జరగడానికి వీల్లేదు, నేలలోకి దిగలేం కదా. అక్కడ 16, 20 ఎంఎం లాంటి అల్ట్రా వైడ్ తప్పనిసరి. వెలుతురు తక్కువ, చిత్రాల మీద ఫ్లాష్ కొట్టడం తగదు, పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. కాబట్టి ఎఫ్ 2.8 ఉన్న వైడ్ అయితే మేలు. బయట గోపురానికి దగ్గరగా నిలబడి కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలినట్టు వస్తుంది. కెమెరాను నిటారుగా ఉంచి లెన్స్‌ను మాత్రం పైకి జరిపే షిఫ్ట్ లెన్స్‌లు ఈ వాలు రాకుండా చూస్తాయి. అవి ఖరీదు. కాస్త దూరం పోగలిగినవాళ్లకు వాటి అవసరమే ఉండదు.

ప్రకృతి దృశ్యాలంటే వైడ్ అని గుడ్డిగా నమ్మేవాళ్లు గండికోటలో ఓసారి ప్రయత్నించి చూడాలి. పెన్నా లోయ అంచున నిలబడి 16 ఎంఎంతో తీస్తే అవతలి కొండచరియ సన్నని గీతలా మిగులుతుంది. కంటికి గుండె ఝల్లుమనిపించిన లోతు ఫొటోలో కనపడదు. వైడ్ పెట్టినప్పుడు కాళ్ల దగ్గర ఒక పగిలిన బండో, పొదో ఉండాలి. దగ్గరున్నది పెద్దదిగా, దూరమున్నది చిన్నదిగా పడితేనే లోతు తెలుస్తుంది. పాడేరు దగ్గర వంజంగిలో తెల్లవారుజామున కొండల మధ్య మబ్బు పరుచుకున్నప్పుడు మాత్రం 70-200 తీయాలి. వరసల వెనక వరసలుగా కొండలు దగ్గరకు జరిగి మడతలు పడతాయి. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ తదితరులు 1932లో తమ బృందానికి ఎఫ్ 64 అనే పేరే పెట్టుకున్నారు. ముందు రాయి నుంచి వెనక కొండ వరకు అంతా స్పష్టంగా రావాలన్నది వాళ్ల పంతం. వాళ్లవి పెద్ద ప్లేట్ కెమెరాలు. ఈనాటి చిన్న సెన్సర్‌తో ఎఫ్ 16 దాటితే కాంతి అంచుల్లో చెదిరి బొమ్మ మెత్తబడుతుంది. ఎఫ్ 8, 11 దగ్గర ఆగడం మంచిది.

చార్మినార్ వెనక నిండు చందమామ ఉన్న ఫొటోలు చూసి కెమెరా పట్టుకుని బయల్దేరేవాళ్లు ఎందరో. చంద్రుడు ఆకాశంలో ఆక్రమించేది అర డిగ్రీ. చార్మినార్ ఒక్కో వైపు 20 మీటర్లు. రెండూ ఒకే వెడల్పుతో కనిపించాలంటే కట్టడానికి సుమారు 2.3 కిలోమీటర్ల దూరంలో నిలబడాలి. రెండు వందల మీటర్ల నుంచి తీస్తే చంద్రుడు చార్మినార్ వెడల్పులో పదకొండో వంతే. ఏ లెన్స్ పెట్టినా ఈ నిష్పత్తి మారదు. ఆ 2.3 కిలోమీటర్ల నుంచి 600 ఎంఎంతో తీసినా చార్మినార్ ఫ్రేము వెడల్పులో ఏడోవంతు మాత్రమే నింపుతుంది. మధ్యలో ఏ అపార్ట్‌మెంటూ అడ్డు లేని మేడ వెతుక్కోవడం వేరే కథ.

పిట్టల ఫొటోలు తీసేవాళ్లకు దూరం వాళ్ల చేతుల్లో ఉండదు, పిట్ట ఇష్టం. దసరా నాడు మనవాళ్లు వెతుక్కునే పాలపిట్ట 30 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. అది 20 మీటర్లు అవతల కరెంటు తీగ మీద వాలితే, 300 ఎంఎం లెన్స్‌తో ఫ్రేము వెడల్పులో సుమారు ఎనిమిదో వంతే నిండుతుంది. 600 అయితే నాలుగో వంతు. అసలు 600 ఎంఎం, ఎఫ్ 4 ప్రైమ్ కొనాలంటే పది లక్షలు దాటుతుంది. సిగ్మా, టామ్రాన్ వంటి కంపెనీల 150-600 జూమ్‌లు లక్షకు అటూ ఇటూగా దొరుకుతాయి. వెలుతురు కాస్త తక్కువ పట్టినా పగటిపూట చాలు. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద గూళ్లు కట్టుకునే పెలికాన్లకు, పెయింటెడ్ స్టార్క్ కొంగలకు 300 కూడా సరిపోతుంది. పులికాట్‌లో ఫ్లెమింగోలు నీళ్లలో ఎక్కడో దూరంగా ఉంటాయి. అక్కడ నడి ఎండలో నేల మీది వేడిగాలి అలలు అలలుగా కదులుతూ ఎంత పెద్ద లెన్స్‌నైనా మసకబారుస్తుంది. ఖరీదైన గాజు కన్నా తెల్లవారుజామున లేవడం ఎక్కువ పని చేస్తుంది.

క్రికెట్ ఫొటోగ్రాఫర్లదీ ఇదే లెక్క. బౌండరీ తాడు నుంచి పిచ్‌కు 70 మీటర్లనుకుంటే, 400 ఎంఎంలో ఆరు మీటర్ల పైచిలుకు వెడల్పు కనిపిస్తుంది. బ్యాటర్, కీపర్, స్లిప్ ఫీల్డర్ సరిపోతారు. బ్యాటర్ ఒక్కడే కావాలంటే 600. ఇంత పొడవు లెన్స్‌లకు చేతి వణుకు పెద్ద శత్రువు. 1995లో కెనాన్ 75-300 జూమ్‌లో పెట్టిన స్టెబిలైజేషన్ ఇప్పుడు అందరి లెన్స్‌లలోనూ, బాడీలలోనూ వచ్చేసింది. అది మన చేతి వణుకును ఆపుతుంది గాని పరిగెత్తే ఆటగాణ్ని ఆపలేదు. దానికి షట్టర్ వేగమే కావాలి.

మ్యాక్రో గురించి ఒక్కమాట. సీతాకోకచిలుకను నిజమైన సైజులో సెన్సర్ మీద పడేయగల లెన్స్‌లు 50, 60, 100, 105 ఎంఎం వంటి కొలతల్లో ఉన్నాయి. సైజు ఒకటే, దూరం వేరు. 60తో వెళితే లెన్స్ దాదాపు పురుగు మీద వాలుతుంది, పురుగు ఎగిరిపోతుంది, వెలుతురుకు మన నీడే అడ్డం. 100 అయితే కొంచెం ఎడంగా ఉండొచ్చు. పెళ్లిలో మంగళసూత్రం, ఉంగరాలు తీసేవాళ్లకు కూడా అదే పనికొస్తుంది.

ఇంత చెప్పినా కొత్తగా కెమెరా కొన్నవాళ్లు అడిగేది ఒకటే, ముందు ఏది కొనాలి? సాధారణంగా వచ్చే సలహా 50 ఎంఎం ఎఫ్ 1.8. మిగతా లెన్స్‌లతో పోలిస్తే చవక, తేలిక, వెలుతురు బాగా పడుతుంది. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ ఆన్రి కార్టియే-బ్రెసాఁ జీవితమంతా చాలామటుకు 50తోనే గడిపేశాడని కూడా చెబుతారు. నిజమే, కానీ ఆయన లైకాలో వాడింది ఫుల్ ఫ్రేమ్ ఫిల్ము. మన చేతిలో ఉండేది ఎక్కువగా చిన్న సెన్సర్ బాడీ. నికాన్, సోనీ, ఫూజీ చిన్న సెన్సర్లలో 50 ఎంఎం 75లా, కెనాన్‌లో 80లా చూస్తుంది. ముఖాలకు బ్రహ్మాండం. అదే పదడుగుల గదిలో పాప పుట్టినరోజు తీయబోతే గోడకు వీపు ఆనించినా సగం మందే పడతారు. అలాంటివాళ్లు 35 చూసుకోవాలి. పిట్టల దగ్గర ఇదే చిన్న సెన్సర్ వరమవుతుంది. 300 ఎంఎం లెన్స్ 450లా పనిచేస్తుంది.

ఇంకో మార్గం, డబ్బు ఖర్చు లేనిది. కిట్ లెన్స్‌తో ఇప్పటికే తీసిన ఫొటోల్లో నచ్చినవి వంద తీసి, వాటి వివరాల్లో ఫోకల్ లెంగ్త్ చూడాలి. ఎక్కువ భాగం 18 దగ్గర ఉంటే వైడ్ కావాలని, 55 దగ్గరే తచ్చాడుతుంటే టెలీ కావాలని ఆ ఫొటోలే చెబుతాయి. పెద్ద ఊళ్లలో లెన్స్‌లు రోజు అద్దెకు దొరుకుతాయి. ఏడాదికి ఒకసారి పిట్టల కోసం వెళ్లేవాళ్లు 150-600 కొనుక్కుని బీరువాలో పెట్టుకోవడం కన్నా అదే చవక.

బీరువా అంటే ఫంగస్ గుర్తొస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతపు తేమలో మూసిపెట్టిన లెన్స్ లోపల సాలెగూడులా బూజు పాకుతుంది. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, తేమ కొలిచే చిన్న మీటరు చాలు. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. సిలికా జెల్ రంగు మారగానే వేడి చేసి మళ్లీ వాడొచ్చు. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు మొదట చూడాల్సిందీ ఈ బూజే. రెండు మూతలూ తీసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి ఏటవాలుగా చూస్తే దారాల్లా కనిపిస్తుంది. దుమ్ము రేణువులు నాలుగు ఉన్నా ఫరవాలేదు, దారాలుంటే వద్దు. తర్వాత సొంత బాడీకి తగిలించి చూడటం. నికాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8డి చవగ్గా దొరుకుతుంది, కానీ డి3500, డి5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు లేదు, ఆటోఫోకస్ రాదు. నికాన్ సొంత అడాప్టర్‌తో జెడ్ సిరీస్ మిర్రర్‌లెస్‌కు తగిలించినా అంతే. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నవాటికి మోటారు లోపలే ఉంటుంది, వాటికి ఆ ఇబ్బంది లేదు. కెనాన్ పాత ఈఎఫ్ లెన్స్‌లు మాత్రం కంపెనీ అడాప్టర్‌తో కొత్త ఆర్ సిరీస్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి.